మా వదిన ఆన్‌లైన్ చదువు

మొన్న సోమవారం పొద్దున బడికెళ్లి, కంప్యూటర్ గది తలుపు తీసి, ఫ్యాను వేసుకుని, బడి మెయిల్ తెరిచేసరికి మా వదిన పేరు మీద ఒక మెయిల్ వచ్చి ఉంది. "మీరు చాలా కాలంగా క్లాసుకి రావడం లేదు. ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు. మీ కోసం ఎదురుచూస్తున్నాం" అని ఇంగ్లీషులో రాసి, పక్కన చెయ్యి ఊపుతున్న బొమ్మ పెట్టారు. మనిషి రాసింది కాదని నాకు తెలుసు. ఎవరు మానేసినా వాళ్లకి దానంతటదే వెళ్లిపోయే మెయిల్ అది. వదిన పోయి ఏడాది దాటింది. అప్పట్లో చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పాం. బంధువులకి, బడికి, ఆవిడ దగ్గర చదువుకుని ఎక్కడెక్కడో స్థిరపడ్డ పిల్లలకి, ఆఖరికి పాలబ్బాయికి కూడా. ఆవిడకి చదువు చెప్పిన వెబ్‌సైటుకి కూడా కబురు పెట్టాలని ఎవరికి తడుతుంది? తీసేద్దామని బాణం గుర్తుని దాని మీదకి తీసుకెళ్లాను. నొక్కలేకపోయాను. లేచి కిటికీ తీశాను. సముద్రం వైపు నుంచి చెమ్మగాలి కొట్టింది. పిల్లలు ఇంకా రాలేదు. కాసేపు ఎవరూ రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

వదినంటే మా ఆయనకి అక్కగారు. ఆడపడుచు అనగానే జనం మొహంలో ఒక జాలి కనిపిస్తుంది కదా, నా విషయంలో ఆ జాలి వృథా. నేను కోడలిగా వెళ్లి ఆవిడకి దొరికిపోలేదు, ముందే దొరికిపోయాను. బందరులో మా బడిలో ఆవిడ లెక్కల టీచరు, నేను కొత్తగా చేరిన తెలుగు టీచర్ని. స్టాఫ్ రూములో నా టిఫిన్ డబ్బాలోని గోంగూర పచ్చడి రుచి చూసి, "అమ్మాయ్, మీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా?" అని అడిగింది. నేను సిగ్గుపడేలోపే మా నాన్న ఫోన్ నంబరు తీసేసుకుంది. పచ్చడి మా అమ్మ చేసిందని పెళ్లయ్యాక గానీ బయటపడలేదు. "పోన్లే, పిల్ల మంచిదే వచ్చింది, పచ్చడి నేను నేర్పుతాను" అంది. ఆవిడ భర్త, అంటే నాకు అన్నయ్యగారు, పెళ్లయిన కొద్ది కాలానికే పోయారు. పిల్లల్లేరు. మేమున్న ఇంటి మేడ మీద వాటాలోనే ఆవిడ ఉండేది. పొద్దున్నే స్కూటర్ కిక్కు కొట్టి, "అమ్మాయ్, బెల్లు కొట్టేస్తారు" అని వాకిట్లోంచి కేకేసేది. జడ అల్లుకుంటూనే వెనక ఎక్కి కూర్చునేదాన్ని. ఆ స్కూటర్ మీద ఆవిడ వీపుని చూస్తూ నేను పెరిగానంటే అతిశయోక్తి కాదు.

మా బడికి మొదటి కంప్యూటర్లు వచ్చిన రోజులు ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. కొబ్బరికాయ కొట్టి, ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. దుమ్ము పడకూడదని పెడన నుంచి కలంకారీ ముక్కలు తెచ్చి ముసుగులు కుట్టించారు. ఆ ముసుగులు తీసే ధైర్యం ఎవరికీ లేక నెలల తరబడి అవి కొత్త పెళ్లికూతుళ్లలా అలాగే కూర్చున్నాయి. ఒకరోజు వదిన వెళ్లి ముసుగులన్నీ లాగేసి, మడత పెట్టి బీరువాలో పడేసింది. "ఇవి దేవుళ్లు కావు, మిక్సీల్లాంటివి. వాడకపోతే పాడైపోతాయి" అంది. అప్పట్నుంచి ఆ గది ఆవిడదైపోయింది. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ కాదనలేదు.

ఆవిడ నేర్పే పద్ధతి ఒకటుంది. మన వెనక నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చెప్పేది. ఎంత తప్పు చేస్తున్నా మౌస్ మీద తన చెయ్యి వేసేది కాదు. "నేను చేస్తే నాకొస్తుంది, నువ్వు చేస్తే నీకొస్తుంది" అనేది. అప్పటి హెడ్‌మాస్టారు పెద్దాయన, రెండుసార్లు వెంటవెంటనే నొక్కమంటే మొదటిసారి నొక్కి, కళ్లద్దాలు సర్దుకుని, రెండోసారి నొక్కేవారు. "సార్, మధ్యలో కాఫీ తాగి రాకూడదండీ" అనేది వదిన. ఆయన కూడా నవ్వేసేవారు. చేతులు వెనక్కి కట్టుకోవడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. వెనక వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటూ ఉండేవి. సహజంగా ఓపిక లేని మనిషి, కష్టపడి ఓపిక తెచ్చుకుంది.

కరోనా వచ్చి బడులు మూసేసినప్పుడు బడిని ఫోన్లలో నడిపింది ఆవిడే. దివిసీమ లంకల నుంచి, ముదినేపల్లి చెరువుగట్ల మీద నుంచి మా బడికొచ్చి చదువుకునే పిల్లలున్నారు. వాళ్ల దగ్గర సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పాఠాలన్నీ వీలైనంత చిన్నవిగా చేసి, సిగ్నల్ దొరికినప్పుడు దించుకునేలా పంపించేది. బడులు తెరిచాక మేనేజ్‌మెంటు వాళ్లు సంతోషించి, ఆవిడకి టెక్నాలజీ కోఆర్డినేటర్ అని పేరు పెట్టి గది ముందు బోర్డు కట్టారు. ఆ బోర్డు చూసి వదిన కంగారు పడింది. "ఇంత పెద్ద పేరు పెట్టారు, నాకొచ్చింది ఇంతే కదే" అని వెతికి వెతికి బడి మెయిల్‌తోనే ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరింది. బడుల్లో పనికొచ్చే కొత్త వెబ్ పనిముట్లు నేర్పే కోర్సు. వెబ్‌సైటు కట్టడం, అందులో మ్యాపులు పెట్టడం, గొంతులు రికార్డు చేసి జోడించడం, పిల్లల చేత ఆడించే క్విజ్‌లు, ఇలాంటివి. పాఠం చెప్పేది గడ్డం ఉన్న ఒక కుర్రాడు. వీడియో మొదలవగానే నవ్వుతూ, "హలో ఫ్రెండ్స్, వెల్‌కమ్" అనేవాడు. వదిన స్క్రీనుకేసి చూసి, "నమస్తే బాబూ" అని జవాబిచ్చేది. "అతనికి వినిపించదు వదినా" అంటే, "వినిపించకపోతే మర్యాద మానేస్తామా?" అనేది.

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మేడ మీద ఆవిడ పాఠం వినడం, స్కూటర్ మీద బడికెళ్లేటప్పుడు వెనక్కి తిరక్కుండానే ఆ పాఠమంతా నాకు అప్పజెప్పడం, అదీ మా దినచర్య. సగం మాటలు గాలికి పోయేవి. రోడ్డు మీద గేదెలు అడ్డమొస్తే పాఠం ఆపి వాటిని తిట్టి, మళ్లీ వదిలిన చోటే అందుకునేది. కోర్సు ఆఖర్న ఎవరికి వాళ్లు సొంతంగా ఒకటి చేసి చూపించాలి. వదిన తలపెట్టింది ఒక మ్యాపు. మా పిల్లలంతా ఏ ఏ ఊళ్ల నుంచి వస్తారో ఆ ఊళ్లన్నీ అందులో ఉంటాయి. ఊరి పేరు నొక్కితే ఆ ఊరి పిల్ల గొంతు వినిపిస్తుంది, తన ఊరు గురించి తనే చెబుతుంది. ఉయ్యూరు పిల్ల చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో గాలంతా తియ్యగా కమురు వాసనేస్తుందని చెప్పింది. కూచిపూడి పిల్ల తనకి నాట్యం రాదనీ, ఆ సంగతి చెబితే ఎవరూ నమ్మరనీ చెప్పి మమ్మల్ని నవ్వించింది. బందరులోనే రోల్డ్‌గోల్డ్ నగలు చేసే సాయెబుగారి అబ్బాయి వాళ్ల వీధిలో పొద్దుటి నుంచి వినిపించే చిన్న సుత్తి చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చాడు. వదిన వాటిని విని విని మురిసిపోయేది. "పుస్తకంలో కృష్ణా డెల్టా అని రెండు లైన్లుంటాయి. ఇదీ డెల్టా అంటే" అనేది.

ఎప్పుడు మొదలైందో నేను చెప్పలేను. ఒకరోజు కాఫీ ఇవ్వడానికి మేడ మీదికెళ్తే ఆ గడ్డం కుర్రాడు పరిచయం చేసుకుంటున్నాడు. అది మొదటి పాఠం. ఆవిడ అప్పటికి సగం కోర్సు దాటేసింది. "ఇదేంటి వదినా, మళ్లీ మొదటికొచ్చారు?" అన్నాను. "నిన్న మధ్యలో కరెంటు పోయిందే" అంది. సరేననుకున్నాను. కొన్నాళ్లకి మళ్లీ అదే పాఠం. స్కూటర్ మీద అప్పజెప్పినప్పుడు కూడా పాతదే, చాలా ఉత్సాహంగా, కొత్తగా తెలిసినట్టు చెప్పింది. నేను ఊఁ కొడుతూ ఆవిడ వీపుకేసి చూస్తూ కూర్చున్నాను. రాబర్ట్‌సన్‌పేట మలుపు దగ్గర బండి నెమ్మది చేసి, "ఇటే కదూ?" అంది. ముప్ఫై ఏళ్లుగా వెళ్తున్న దారి. "ఇటే వదినా" అన్నాను. నవ్వుతూ అన్నాననే గుర్తు.

గుడివాడలో ఒక బడిలో చుట్టుపక్కల టీచర్లకి శిక్షణ పెట్టారు. వెబ్ పేజీ చెయ్యడం చూపించమని వదినని పిలిచారు. పొద్దుటి ప్యాసింజరెక్కి వెళ్లాం. కొత్త చీర కట్టుకుంది, గుడ్లవల్లేరు దాటేదాకా చెప్పాల్సినవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది. హాలు నిండా టీచర్లు. మొదలుపెట్టడం బ్రహ్మాండంగా మొదలుపెట్టింది. అందర్నీ నవ్వించింది. పేజీ తెరిచింది, పేరు పెట్టింది, బొమ్మ పెట్టింది. ఆ తర్వాత ఆగింది. తెర వంక చూసి, జనం వంక తిరిగి, "ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం?" అంది.

టీచర్లందరం అడిగే ప్రశ్నే అది. పిల్లలు వింటున్నారో లేదో చూడ్డానికి రోజూ అడుగుతాం. హాల్లో అందరూ బడిపిల్లల్లా, "మ్యాపు పెడుతున్నాం మేడమ్" అని ఒక్క గొంతుతో అరిచారు. వదిన తలూపి మ్యాపు పెట్టింది. కాసేపటికి మళ్లీ, "ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం?" అంది. ఈసారి నవ్వులతో జవాబొచ్చింది. మూడోసారి కొందరే చెప్పారు. నేను వెనక వరసలో కూర్చుని ఆవిడ మొహం చూస్తున్నాను. జవాబు వినగానే ఆ మొహంలోకి ఒక తేలిక వచ్చేది, గట్టు అందినవాళ్ల మొహంలోకి వచ్చినట్టు. అది టీచరు అడిగిన ప్రశ్న కాదు. ఆవిడకి నిజంగానే తెలియడం లేదు. క్లాసు అయ్యాక చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఒకాయన నా దగ్గరికొచ్చి, "మీ వదినగారు భలే ఇంటరాక్టివ్‌గా చెబుతారండీ" అని మెచ్చుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో రైలు ఖాళీగా ఉంది. వదిన శాలువా మడత పెట్టి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి పొలాలకేసి చూస్తూ కూర్చుంది. నాట్లు అయిన పొలాలు, నీళ్లు నిలిచి మెరుస్తున్నాయి. కవుతరం దాటాక నా వైపు తిరగకుండానే, "నువ్వు కనిపెట్టావు కదా" అంది. "వాళ్లు చెప్పారు కాబట్టి గట్టెక్కాను. లేకపోతే అలాగే నిలబడిపోయేదాన్నే అమ్మాయ్. బుర్రలో ఏమీ లేదు. పలక తుడిచేసినట్టు." నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎప్పుడూ వేడిగా ఉండే చెయ్యి, చల్లగా ఉంది. "తమ్ముడికి అప్పుడే చెప్పకు. వాడు పిరికివాడు" అంది. ఇంటికెళ్లాక మనసు మార్చుకుంది, ఇద్దరం కలిసే చెప్పాం.

బెజవాడ డాక్టరుగారు చాలా పరీక్షలు చేయించారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నారు. తర్వాత నూట్లోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నారు. లెక్కల టీచరు కదా, వదిన ఆగకుండా చివరిదాకా గడగడా చెప్పేసి, ఎలా ఉంది అన్నట్టు నా వంక చూసింది. "ఇందాక నేను చెప్పిన మూడు మాటలు చెప్పండమ్మా" అన్నారాయన. వదిన మొహంలో ఆ గర్వం ఇంకా చెరగనే లేదు. "ఏ మాటలండీ?" అంది. మా ఆయన కుర్చీలోంచి లేచి బయటికెళ్లిపోయాడు. డాక్టరుగారు మంచాయన, ఏమీ దాచకుండా, నెమ్మదిగా చెప్పారు. పాతవి చాలాకాలం ఉంటాయి, కొత్తవి నిలవవు, క్రమేపీ పాతవీ పోతాయి. అంతా విని వదిన అడిగింది ఒక్కటే. "నేనొక కోర్సు చేస్తున్నానండీ. చెయ్యవచ్చునా?" ఆయన, "మీకు సంతోషంగా ఉన్నన్నాళ్లూ చెయ్యండమ్మా" అన్నారు.

మర్నాడే వదిన హెడ్‌మాస్టారి గదిలోకెళ్లింది. నన్ను కూడా రమ్మంది. కంప్యూటర్ గది తాళాల గుత్తి ఆయన బల్ల మీద పెట్టి, "సార్, ఇది మా మరదలికి ఇప్పించండి. నా దగ్గరుంటే తాళాలు పోతాయి, తర్వాత తలుపులు పగలగొట్టించాలి" అంది. ఆయనకి విషయం అర్థమైంది. "ఇంకో ఏడాది చూద్దాం అమ్మా, తొందరేముంది" అన్నారు. "ఇప్పుడైతే నేనే ఇస్తున్నట్టుంటుంది సార్" అంది వదిన. తాళాలు తీసి ఆయన నా చేతిలో పెట్టారు. మా అత్తింటి నగలేవీ నాకు రాలేదు గానీ, ఆ తాళాల గుత్తి ఆవిడ నుంచి వచ్చింది. ఆ రోజు నేను తీసుకోకుండా ఉండే దారి ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆవిడ మాత్రం చదువు మానలేదు. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ మొదటి పాఠం పెట్టుకునేది. "హలో ఫ్రెండ్స్, వెల్‌కమ్." "నమస్తే బాబూ." ఆ మాటలు మేడ మెట్ల మీదుగా కిందికి వినిపించేవి. మా ఆయన దాన్ని భరించలేకపోయేవాడు. షేవింగ్ చేసుకుంటూ ఆ గొంతు వినగానే చెయ్యి ఆగిపోయేది. "ఎందుకే ఈ హింస? రోజూ అదే పాఠం, రోజూ అదే నమస్కారం. మానేయమని చెప్పు" అనేవాడు. "మానేస్తే ఆవిడ పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి?" అనేదాన్ని. ఒకరోజు కోపంలో నెట్ పెట్టె వైరు పీకేశాడు. పైన చప్పుడు లేదు. ఎంతసేపటికీ లేదు. భయమేసి ఇద్దరం పైకెళ్లాం. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని దాని ముందు కూర్చుని ఉంది, బస్సు కోసం కూర్చున్నట్టు. మమ్మల్ని చూసి, "వస్తాడ్రా, ఒక్కోసారి ఆలస్యమవుతుంది" అంది. మా ఆయన కిందికెళ్లి వైరు పెట్టి, వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు. ఆ తర్వాత ఎప్పుడూ మానేయమనలేదు.

మ్యాపు పూర్తి చెయ్యాలి. కొత్త పాఠాలు వదినకి నిలవడం లేదు కనక అవి నేను వినేదాన్ని. తెలుగు వ్యాకరణం తప్ప మరొకటి ఎరగని మనిషిని, ఆ గడ్డం కుర్రాడి వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ నేర్చుకున్నాను. సాయంత్రాలు బడి వదిలాక నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే వదిన నా వెనక నిలబడేది, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. నేను చేస్తున్నదేమిటో ఒక్కోసారి ఆవిడకి తెలిసేది కాదు. అయినా తప్పు చేస్తే మాత్రం ఎలాగో పట్టేసుకునేది. "తొందరపడకు. ముందు చదువు, తర్వాత నొక్కు" అనేది. అదెలా పోలేదో ఏ డాక్టరూ చెప్పలేడు. ఊళ్లు ఒక్కొక్కటే మ్యాపులోకి చేరాయి. ఎదురుమొండి ఒక్కటే మిగిలిపోయింది.

ఎదురుమొండి దివిసీమ చివర కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న లంక. అక్కడి పిల్ల ఒకతె బందరులో వాళ్ల అమ్మమ్మ ఇంట్లో ఉండి మా దగ్గర తొమ్మిదో తరగతి చదివేది. వేసవి సెలవులకి ఇంటికెళ్లిపోయింది. గొంతు రికార్డు చేసి పంపమంటే సిగ్నల్ లేక రాలేదు. "మనమే వెళ్దాం" అంది వదిన. మా ఆయన వద్దన్నాడు, ఎండలన్నాడు, పడవలన్నాడు. చివరికి తనే అవనిగడ్డ దాకా వచ్చి, ఆటో మాట్లాడి, మజ్జిగ సీసా చేతిలో పెట్టి పంపాడు. నాగాయలంక దాటాక ఏరు దాటించే పెద్ద బల్లకట్టు లాంటి పంటు ఎక్కాం. మోటార్ సైకిళ్లు, కూరగాయల బుట్టలు, మేకలు, మేమూ. వదిన చిన్నపిల్లలా అంచు పట్టుకుని నిలబడి నీళ్లు చూసింది. చేపల వేట నిషేధం రోజులు కావడంతో పిల్ల వాళ్ల నాన్న ఇంటి ముందు పందిట్లో వల బాగు చేసుకుంటున్నాడు. "ఇంతదూరం వచ్చారా అమ్మగారూ!" అని లేచి, తువ్వాలుతో మంచం దులిపాడు.

ఫోను పిల్ల ముందు పెట్టి, వదిన అడిగింది. "మీ ఊళ్లో కళ్లు మూసుకుంటే ఏం వినిపిస్తుందమ్మా?" పిల్ల కళ్లు మూసుకుని, "పడవ మోటారు మేడమ్. మా నాన్న పడవ చప్పుడు నాకు తెలిసిపోద్ది" అంది. వదిన సంతోషించింది. ఒక నిమిషం గడిచాక, మళ్లీ అదే ప్రశ్న, అదే మాటల్లో. పిల్ల మళ్లీ కళ్లు మూసుకుంది. "మడచెట్లలో పిట్టలండి. నీళ్లు దిగినప్పుడు పీతలు బురదలో టిక్కుటిక్కుమంటాయి, అదీ వినపడద్ది" అంది. మళ్లీ అడిగింది. "తుఫానప్పుడు మా అమ్మ గిన్నెలు సర్దే చప్పుడండి. ఇంకో చోటికి పోవాలని మూట కడద్ది." ఇంకోసారి. పిల్ల చాలాసేపు కళ్లు తెరవలేదు. "మా తమ్ముడు ఉన్నప్పుడు దగ్గేవాడండి. ఇప్పుడు వినపడదు. అయినా వింటానండి." వల కుడుతున్న తండ్రి చేతులు ఆగిపోయాయి. వదిన లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని, తల దగ్గరికి తీసుకుంది. ఇక ఏమీ అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు రేవు దాకా వచ్చిన పిల్లని పక్కకి పిలిచి, "మేడమ్ అన్నిసార్లు అడిగితే విసుగనిపించలేదామ్మా?" అన్నాను. "లేదండి. సరిగా చెప్పలేదేమో, ఇంకా చెప్పమంటున్నారేమో అనుకున్నా" అంది. మ్యాపులో అన్నిటికంటే పెద్దది ఎదురుమొండి గొంతే. ఒక్క ముక్క కూడా కొయ్యలేదు, వదిన అడిగిన ప్రశ్నలతో సహా అలాగే ఉంచాను.

ఆ ఏడు జెండా పండగ రోజు మ్యాపు బడిలో అందరికీ చూపించాం. ఆవరణలో తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టరు పెట్టి, ఒక్కో ఊరే నొక్కుతుంటే పిల్లలు కేకలు పెట్టారు. ఎవరి గొంతు వస్తే వాళ్లు మొహం దాచుకున్నారు. ఎదురుమొండి వచ్చినప్పుడు మాత్రం ఆవరణంతా నిశ్శబ్దమైపోయింది. వదిన ముందు వరసలో మా ఆయన పక్కన కూర్చుని అంతా శ్రద్ధగా చూసింది, గట్టిగా చప్పట్లు కొట్టింది. అయ్యాక నా చెయ్యి లాగి, "ఎవరే ఇది చేసింది? ఎంత బాగా చేశారు!" అంది. "మీరే వదినా" అన్నాను. "పోవే, వేళాకోళం" అని నవ్వేసి, అంతలోనే పాత లెక్కల టీచరు గొంతుతో, "ఆ ఊళ్ల పేర్లు ఇంకాస్త పెద్దవి పెట్టమను వాళ్లని. మన పిల్లలు చిన్న ఫోన్లలో చూస్తారు" అంది. మర్నాడు పెద్దవి చేశాను.

తర్వాతి కాలం గురించి ఎక్కువ చెప్పను. మేడ మెట్లు ప్రమాదమని కిందికి తెచ్చుకున్నాం. ముందు నా పేరు పోయింది, తర్వాత నేనే పోయాను. మా ఆయనని కొన్నాళ్లు "నాన్నా" అని పిలిచింది, తర్వాత ఏమీ పిలవలేదు. ల్యాప్‌టాప్ ముందు పెడితే పక్కింటి వాళ్ల వస్తువేదో చూసినట్టు చూసి, మర్యాదగా పక్కకి జరిగేది. పొద్దుటిపూటలు నిశ్శబ్దమైపోయాయి. ఒకరోజు నేను వంటింట్లో ఉండగా "హలో ఫ్రెండ్స్" అని వినిపించింది. వెళ్లి చూస్తే మా ఆయన అక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని, ల్యాప్‌టాప్ రెండు చేతులతో పట్టుకుని మొదటి పాఠం పెట్టాడు. వదిన ఆ కుర్రాడి మొహం కేసి చూసింది. మేమిద్దరం ఆవిడ పెదాల కేసి చూస్తున్నాం. ఆ నమస్కారం రాలేదు. మా ఆయన పాఠం చివరిదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు, ఆపడానికి చెయ్యి రాక. వానాకాలంలో జ్వరం వచ్చింది, రొమ్ము పట్టేసింది. ఎక్కువ రోజులు బాధపడలేదు.

వదిన నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. పెళ్లయిన కొత్తలో ఆ తేడా చాలా పెద్దదిగా కనిపించేది, ఆవిడ ముందు కాళ్లు చాపుకుని కూర్చునేదాన్ని కాదు. ఈ మధ్య అద్దంలో చూసుకుంటే ఆవిడ వయసుకి నేను దగ్గరపడుతున్నానని తెలుస్తోంది. ఇంకొన్నేళ్లు బతికితే దాటిపోతాను కూడా. అప్పుడు ఆవిడ నాకంటే చిన్నదైపోతుంది, నేను ముసలిదాన్నవుతాను, ఆవిడ ఆ వయసులోనే ఆగి ఉంటుంది. అయినా వదినా అనే పిలుస్తాను. కాలం ఎన్నేళ్లు కలిపినా, ఎన్నేళ్లు తీసేసినా, మా వరసలో మాత్రం ఆవిడే ఎప్పటికీ పెద్దది.